పరాయిపిల్ల కిడ్నీ

బెల్‌గ్రేడ్ దగ్గర కొలుబారా నది ఒడ్డున ఉన్న మా ఊళ్లో కిడ్నీలు చెడిపోవడం కొత్తేం కాదు. ఒక ఇంట్లో వరసగా పోతాయి, పక్కింట్లో నిక్షేపంగా ఉంటాయి. మా అత్తారిది పోయే ఇల్లు. మామగారు అలాగే పోయాడు, బావలిద్దరూ అలాగే పోయారు. ఇప్పుడు నా మొగుడు మిలిసావ్ వారానికి మూడు రోజులు డయాలసిస్ మీద బతుకుతున్నాడు. ఎవరిదైనా ఒక కిడ్నీ పెడితే నిలబడతాడన్నారు. వాళ్ల రక్తం పంచుకు పుట్టినవాళ్లందరి కిడ్నీలూ అనుమానమే. ఇక మిగిలింది నేను, కొండల నుంచి వచ్చిన పరాయిపిల్లని.

ఇరవై ఆరేళ్ల కిందట కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ ఒకటే మాట చెప్పింది, ఆ ఊరి నీళ్లు ముట్టకు అని. అప్పట్లో అందరికీ నీళ్ల మీదే అనుమానం. నేను ముట్టలేదు. వారానికోసారి బస్సులో వెళ్లి ఎగువన ఉన్న ఊట నుంచి డబ్బాలతో తెచ్చుకున్నాను. అందుకు మా అత్త క్రూనియా చేత పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు.

"మహారాణిగారికి మన బావి నీళ్లు గొంతు దిగవమ్మా!" అనేది గోడ అవతలికి వినబడేలా.

"ఎవరు ఎన్నాళ్లుంటారో చూద్దాంలే అత్తా" అనేదాన్ని. నా నోరూ తక్కువది కాదు.

పిల్లలు పుట్టకపోతే ఆ తప్పూ నా డబ్బా నీళ్ల మీదికే తోసింది. ఇంటి దేవుడి పండగ నాడు ఆడవాళ్లంతా బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చునేవారు, నా పక్క కుర్చీ మాత్రం ఖాళీ. రాడోయ్కా అన్న నా పేరు ఆ ఇంట్లో మిలిసావ్ తప్ప ఇంకెవరూ పలకలేదు. అందుకే కిడ్నీ ఇవ్వగలిగేది నేనొక్కదాన్నేనని తేలినప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు పండగలా అనిపించింది.

రక్తపరీక్షలు పరవాలేదన్నారు. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు కాస్త చిన్నగా కనబడ్డాయి. "మనిషే పిడికెడున్నారు, అవీ అంతే ఉంటాయేమో. ఎంత పనిచేస్తున్నాయో ఇంకో కెమెరా పరీక్షలో తెలుస్తుంది" అని బెల్‌గ్రేడ్‌కు రాసిచ్చాడు డాక్టరు. ఆ రోజు మిలిసావ్‌కు డయాలసిస్. ఒక్కదాన్నే వెళ్లాను.

అక్కడి ఆసుపత్రి పరీక్ష గదిలో స్లావిత్సా అని నా ఈడు మనిషే కెమెరా చూసుకుంటోంది.

"నీళ్లు బాగా తాగారా?" అంది.

"రెండు బాటిళ్లు తాగించారు కదమ్మా. ఇంకో గుక్క తాగానంటే ఈ బల్ల మీదే అయిపోతుంది!"

ఆమె పకపకా నవ్వి, చేతికి సూది గుచ్చింది. "ఇది కొంచెం రేడియోధార్మిక మందు. రక్తంలోంచి కిడ్నీల్లోకి వెళ్తుంది. మంచి కిడ్నీ మూడు నాలుగు నిమిషాల్లో నిండి, ఆ తర్వాత ఖాళీ అవుతూ వస్తుంది. అరగంట కదలకండి. సాయంత్రం దాకా చంటిపిల్లల్ని ఎత్తుకోకండి, కడుపుతో ఉన్నవాళ్ల పక్కన కూర్చోకండి."

"ఎత్తుకోవడానికి మా ఇంట్లో ఎవరున్నార్లే" అన్నాను. ఆమె నవ్వలేదు. గోడకున్న పెద్ద అద్దం అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

కెమెరా వీపు కింద ఉంది, తెర పక్కన ఉంది. తెర మీద రెండు మచ్చలు మెల్లగా తేలాయి. గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలయింది. ఎనిమిదయింది. అవి ఇంకా నిండుతూనే ఉన్నాయి. నిండండే మొద్దుల్లారా, తొందరగా నిండి ఖాళీ అవ్వండే అని మనసులో తిట్టాను, బతిమాలాను. పన్నెండు దాటాక గడియారం చూడటం మానేశాను. అద్దం వెనక స్లావిత్సా కూడా నా వైపు చూడటం మానేసింది.

తర్వాత డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. రెండు కిడ్నీలూ కలిపి ఉండాల్సిన దాంట్లో సగం కూడా పనిచేయడం లేదట. ఏ ఊరని అడిగింది. చెప్పాను. కలం కింద పెట్టేసింది.

"నేనక్కడ పుట్టలేదండీ, పరాయిదాన్ని. ఆ నీళ్లు ఒక్క చుక్క కూడా తాగలేదు!"

"నీళ్లు కాదమ్మా, రొట్టె. మీ చేలల్లో ఓ కలుపు మొక్క ఉండేది. దాని గింజలు గోధుమల్లో కలిసి పిండిలోకి పోయేవి. ఇరవై ఏళ్లు తింటే ఎవరికైనా ఒకటే."

శనివారం శనివారం ఆ రొట్టె కాల్చింది నేనే. మా అత్త నా పనుల్లో వంక పెట్టనిది అదొక్కటే. నవ్వొచ్చింది. నవ్వితే డాక్టరమ్మ భయపడి మంచినీళ్లు తెప్పించింది.

తిరుగు బస్సులో నా పక్కన ఓ కడుపుతో ఉన్న పిల్ల వచ్చి కూర్చుంది. నేను చటుక్కున లేచి వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఏం పాపం చేశానన్నట్టు చూసింది. ఏమని చెప్పను?

ఇంటికొచ్చి ఉన్న మాట చెప్పేశాను. మా అత్త పొయ్యి దగ్గర చతికిలబడి, "నిన్ను కూడానా, నా తల్లీ" అంది. ఇన్నేళ్లూ ఆ పిలుపు కోసం కాచుకున్నదాన్ని, ఇప్పుడు చెవులు మూసుకోవాలనిపించింది.

మిలిసావ్ లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని అరచేయి వెలుగుకు తిప్పాడు. వాళ్లింట్లో డాక్టరు కన్నా ముందు అరచేతులు చెబుతాయి, ఈ రోగానికి రాగి రంగు తిరుగుతాయి.

"ఏడు నెలల కిందట నువ్వు ఎర్ర మిరపకాయలు కాల్చి ఒలిచినప్పుడు నీ చేతులు చూశాను" అన్నాడు. "ఆ రంగే అంటుకుందనుకున్నా. మర్నాడు చూస్తే పోలేదు."

"ఏడు నెలలు! తెలిసి తెలిసి నన్ను పంపావా? నా కిడ్నీ మీద అంత ఆశా నీకు?"

"అది కాదే. అబద్ధమైతే బావుండునని మొక్కుకున్నా. చెబితే మీ కొండలకు వెళ్లిపోతావేమోనని..."

లాగి లెంపకాయ కొడదామన్నంత కోపం వచ్చింది. చెయ్యి అతని చేతిలోనే ఉంది.

"ఎక్కడికి పోతానయ్యా? అక్కడ నాకెవరున్నారు?" అన్నాను.

నిజమే, అక్కడ నాకు ఎవరూ లేరు. ఇక్కడ ఉన్నది ఇతనొక్కడు. ఇతన్ని బతికించుకోవడానికి నా దగ్గర ఇక ఏమీ లేదు.