రెండు చేతుల చాకు

ఉయ్యూరు చుట్టుపక్కల చెరుకు తోటల్లో పాతికేళ్లు చక్కెర ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్‌గా తిరిగిన విశ్వేశ్వర్ మొన్న మాఘమాసంలో తోటలోనే పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సగం పోయింది. ఆ రోజు జేబులోంచి జారిపోయిన మడత చాకు మళ్లీ దొరకలేదు.

నాలుగు నెలలు అతను ఏదీ అడగలేదు. ఒక ఆదివారం మంచం మీద కూర్చుని, "చా... కు" అన్నాడు. భార్య శాంతకుమారికి చాక్లెట్ అని వినబడింది. తెచ్చి ఇస్తే తల అడ్డంగా ఊపి, ఎడమ చేత్తో గాలిలో చెరుకు చెక్కి చూపించాడు.

ఆమె పట్నంలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే అతనికి స్నానం చేయించి, తినిపించి, పగలు చూసుకునే తెరేసమ్మకు అప్పగించి బస్సెక్కితే, తిరిగి కంకిపాడులో దిగేసరికి దీపాలు పెట్టే వేళ. ఆ మర్నాడు బస్సు దిగి, కాళ్లు ఇంటివైపు లాగుతున్నా, కమ్మరి బసవయ్య కొలిమి దగ్గర ఆగి ఒక మడత చాకు కొంది.

చాకు జానెడు కూడా లేదు. తుమ్మకొయ్య పిడి, రెండు చివర్లా ఇత్తడి రేకు, పిడిలోకి మడిచే ఇనుప అలుగు మీద గోరు పెట్టి లాగడానికి చిన్న గాడి.

విశ్వేశ్వర్ దాన్ని ఎడమ అరచేతిలో ఆడించి బరువు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని నూనె వాసన పీల్చాడు. లైటు వైపు ఎత్తి, అలుగుకూ పిడికీ మధ్య సందు ఉందేమోనని ఒక కన్ను మూసి చూశాడు. నాలుగు నెలల తర్వాత ఆ ముఖంలో పని తెలిసిన మనిషి కనిపించాడు.

తర్వాత తెరవబోయాడు. పిడి పట్టుకోవడానికొక చెయ్యి, అలుగు లాగడానికొక చెయ్యి కావాలి. అతనికున్నది ఒకటే. పళ్లతో లాగాడు. రాలేదు.

"ఇలా ఇవ్వండి, నేను తీస్తా."

అతను ఇవ్వలేదు. మంచం కిందికి విసిరేశాడు.

"విసరండి," అందామె నెమ్మదిగా. "వంగి తియ్యడానికి నేనున్నాగా. నాకూ నడుముందండీ. నేనూ మనిషినే."



మర్నాడు పొద్దున ఆమె చీపురుతో చాకును ఇవతలికి లాగి, బస్సుకు వెళ్తూ బసవయ్యకు చూపించింది.

"కొత్తది కదమ్మా, బిగుతుగానే ఉంటది. శీల వదులు చేస్తే అలుగు ఊగుద్ది, వేలు తెగుద్ది. కొబ్బరినూనె చుక్కేసి తెరుస్తా మూస్తా ఉండండి. అదే దారికొస్తది."

బస్సులో సీటు దొరికింది. ఆమె ఒళ్లో బ్యాగు పెట్టుకుని చాకు తెరిచింది, మూసింది, తెరిచింది. పక్కనున్నావిడ కిటికీ వైపు జరిగిపోయింది. కండక్టరు వచ్చి, "ఏంటమ్మా అది? లోపల పెట్టండి," అన్నాడు.

"మా ఆయనకండీ. ఒంటిచేత్తో తెరవాలి. అరగదీస్తున్నా."

అతనికేమీ అర్థం కాలేదు. ఆమె ముఖం చూసి, "సరే, బ్యాగు లోపలే తెరుచుకోండి," అని వెళ్లిపోయాడు.

మూడు వారాలు అలా తెరుస్తూ మూస్తూ ఉంది. బొటనవేలి గోరు చీలింది. శీల మెత్తబడ్డాక ఏమీ చెప్పకుండా చాకును అతని దిండు పక్కన పెట్టి ఆఫీసుకు వెళ్లింది.

సాయంత్రం గుమ్మంలోనే తెరేసమ్మ ఎదురొచ్చింది. "నేను వద్దన్నానండీ! చెరుకు ముక్క తెమ్మని ఒకటే గొడవ. రసం బండి దగ్గర్నించి తెచ్చా. తీరా చూస్తే..."

మంచం మీద చెరుకు పొట్టు. దుప్పటి మీద రక్తం చుక్కలు. మంచి కాలి మోకాలి కింద పిడిని తొక్కిపెట్టి, ఎడమ చేత్తో అలుగు తీశాడట. వేలికి గుడ్డ చుట్టి ఉంది. శాంతకుమారికి ముందు భయమేసింది, ఆ వెంటనే దుప్పటి ఉతకాలని గుర్తొచ్చి కోపమొచ్చింది. రెండింటికీ ఓపిక లేక అతని పక్కన కూలబడింది.

సగం కండ తొక్కతోనే పోయిన ఒక వంకర ముక్కను అతను ఆమెకు అందించాడు.

"పదు... ను," అన్నాడు. "పర్లే... దు."

ముక్క చప్పగా ఉంది. ఆమె పిప్పి అయ్యేదాకా నమిలింది.

ఆ తర్వాత కూరగాయలు అతనే తరగడం మొదలుపెట్టాడు. తెరేసమ్మ పీట సర్దిపెట్టి పక్కనే కూర్చునేది. బెండకాయలు ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా పడేవి. పొట్టివి మాడేవి, పొడుగువి పచ్చిగా మిగిలేవి. శాంతకుమారి బస్సు దిగి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా వాటినే వేయించి ఇద్దరికీ వడ్డించేది.