అంచులు కోసిన పుస్తకం

మదనపల్లె కాలేజీలో ఆ ఏడు బి.ఏ. హిస్టరీ చదివేవాళ్లు ఎనిమిది మంది. వాళ్లకు అమెరికా చరిత్ర పెట్టారు కానీ పుస్తకం ఒక్కటే ఉంది. యుద్ధం రోజులు. ఓడల్లో సిపాయిలకే చోటు లేదు, ఇక పుస్తకాలెవరు తెస్తారు? ఎనిమిది మందీ దానికోసం కీచులాడుకోవడం చూసి చూసి విసిగిపోయి, లైబ్రరీకి బైండింగు చేసే అలావుద్దీన్ ఒక ఉపాయం చెప్పాడు. కుట్టు విప్పితే పుస్తకం ఎనిమిది భాగాలవుతుంది. తలా ఒకటి తీసుకుని వారం వారం మార్చుకుంటే సరి. పరీక్షలయ్యాక మళ్లీ కుట్టి ఇచ్చే పూచీ తనదన్నాడు.

అలావుద్దీన్‌కు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు. ఇంగ్లీషులో అంకెలు తప్ప ముక్క రాదు. పేజీల వరుస చూసుకోవడానికి అవి చాలు.

పరీక్షలయ్యాయి. ఏడు భాగాలు వచ్చాయి, ఐదోది రాలేదు. అది పుంగనూరు వెంకటేశులు దగ్గర ఉంది. పరీక్షల ముందు సెలవులకు ఇంటికి పోయిన వెంకటేశులు విషజ్వరంతో పన్నెండు రోజులకే చనిపోయాడు. ఆ భాగం లేకుండానే మిగతావాళ్లు పరీక్ష రాశారు. వెళ్లి అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. పూచీ పడ్డ పాపానికి అలావుద్దీనే, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సెక్కి పుంగనూరు పోయాడు.

వెంకటేశులు తల్లి బయ్యమ్మ ఒంటరి మనిషి. వచ్చిన పని వినగానే లోపలికి పోయి, తువ్వాలులో చుట్టిన కాగితాలు తెచ్చింది.

"జొరం మనిషి సామాన్లని మావోళ్లు బట్టలు, నోటుబుక్కులు అన్నీ కాల్చేసినారన్నా. ఇది కాలేజీదని దాచిపెడితి. సెలవులకొచ్చినంక, నేను శెనక్కాయలు వలుస్తాంటే పక్కన కూసోని ఇదే సెప్తాండె. ఆ దేశంలో నల్లోళ్లను సంతలో ఎద్దుల మాదిరి అమ్మినారంట. తల్లిని ఒకడు, బిడ్డను ఒకడు కొనుక్కుంటాండ్రంట. ఇనలేక, సాలు లేప్పా అంటి."

ఆమె అంచుల మీద వేలు పెట్టింది. "ఈ పక్కన ఉండేదంతా వాని పెన్సిలు రాత. నాకు సదవను రాదు. వాని చేతిరాత ఇంట్లో ఇంకోటి లేదు."

"నీ కొడుకు రాత యాడికీ పోదమ్మా" అన్నాడు అలావుద్దీన్. "లైబ్రరీలో నూరేండ్లు ఉంటాది. ఎప్పుడొచ్చినా నేనే తీసి సూపిస్తా."

ఆ మాట మీద ఆమె ఇచ్చింది.

మర్నాడు పుస్తకం కుట్టాడు, జిగురు పూశాడు, ఆరాక పలకల మధ్య బిగించాడు. అంచు కోయని పుస్తకం తల దువ్వని పిల్లలాంటిదని తనే అందరికీ చెప్పేవాడు. ముప్పై ఏళ్లుగా అలవాటైన చెయ్యి, దానంతటదే కత్తి అందుకుని మూడువైపులా కోసేసింది. అట్ట వేసి చూసుకుంటే కొత్త పుస్తకంలా ఉంది. మురిసిపోయాడు కూడా.

తర్వాత నేల ఊడుస్తుంటే, కాగితపు పీలికల మీద పెన్సిలు అక్షరాలు కనిపించాయి. చీపురు పక్కన పడేశాడు.

రాత ఉన్న పీలికలన్నీ ఏరాడు. రాత తెలుగే. ప్రతి ముక్క మీదా 'చెప్పాలి' అని ఉంది. పుస్తకం తెరిచి ఐదో భాగం తిప్పాడు. కుడి పేజీల్లో, అచ్చు పక్కన, 'అమ్మకు' అని మాత్రం మిగిలింది. అలా తొమ్మిది చోట్ల. చెప్పేసినవాటికి కాబోలు, ఎనిమిదింటికి టిక్కు పెట్టి ఉంది. చివరిదానికి లేదు.

అలావుద్దీన్ ఆ పేజీలో వేలు పెట్టుకుని, పుస్తకంతో హాస్టలుకు పరుగెత్తాడు. ఆ ఎనిమిది మందిలో ఒకడైన గంగాధరం కుప్పం పోవడానికి పెట్టె సర్దుకుంటున్నాడు. అతని చేత ఆ చోటు చదివించి, తెలుగులో మూడుసార్లు చెప్పించుకున్నాడు.

"బాగా గుర్తు పెట్టుకున్నావా మామా?" అని అడిగాడు గంగాధరం.

"పెట్టుకున్యా నాయనా. మర్సిపోతే నన్ను అల్లా క్షమించడు."

పుంగనూరులో బయ్యమ్మ అరచేతిలో ఆ పీలికలు పోశాడు. "తప్పయిపాయమ్మా. మాటిచ్చి, నా చేతులతోనే కోసేసినా" అని ఏడ్చాడు.

ఆమె ఒక పీలిక తీసి వెలుగుకు పట్టి చూసింది. తిట్టలేదు. "ఏమని రాసినాడన్నా?" అంది.

"అమ్మకు సెప్పాల అని. అన్నీ నీకు సెప్పేసినాడు, ఒకటి మిగిలిపాయ. అది సెప్పను వచ్చినా." "ఆ దేశంలో యుద్ధమైపోయి, ఆ నల్లోళ్లను వదిలేసినంక, తల్లులంతా అమ్ముడుపోయిన బిడ్డలను ఎతుక్కుంటా బయల్దేరినారంట. ఊరూరూ నడిసి, పేరు సెప్పి, మచ్చ సెప్పి అడిగినారంట. పేపర్లో గూడా ఏయించినారంట. ఏండ్లకేండ్లు ఎతికినారంటమ్మా."

బయ్యమ్మ గుప్పిలి మూసుకుంది.

"దొరికినారా అన్నా?"

చాలామందికి దొరకలేదని పుస్తకంలో ఉంది. గంగాధరం ఆ మాట మూడుసార్లూ చెప్పాడు. అలావుద్దీన్‌కు బాగా గుర్తుంది.

"కొందరికి దొరికినారమ్మా" అన్నాడు.

ఆమె ఆ పీలికలను కొంగున ముడేసుకుంది. "పోనీలే. వాళ్లకన్నా దొరికినారు" అంది. కొడుకు పోయిన నాడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది.