అత్తగారి బల్ల మీద రెజిన్

జిగురమ్మ అన్న పేరు కోడలికి పెట్టింది అత్తగారే. పొద్దస్తమానం రెజిన్ అనే గట్టిపడే జిగురు కలిపి, అచ్చుల్లో పోసి, పళ్ళేలూ దీపాల దిమ్మెలూ చేసి అమ్మే పిల్లని ఇంకేమంటారు మరి! ఆ పిల్ల అలమరలో సీసాలు బారులు తీరి ఉంటాయి. కప్పులకీ పుల్లలకీ అంటిన పచ్చి రెజిన్‌కి స్పిరిట్. గట్టిపడి మొండికేస్తే ఇనుప గరిటెలకి అసిటోన్. సిలికాన్ అచ్చులకి మాత్రం గిన్నెలు తోమే సబ్బునీళ్ళే, అదీ మెత్తటి గుడ్డతో. అచ్చు మీద వెంట్రుకంత గీత పడినా, పోసిన ప్రతి వస్తువు మీదా ఆ గీత దిగుతుంది.

"ఇల్లా ఇది, మందుల షాపా?" అనేది అత్తగారు. కోడలూ తక్కువ తినలేదు. ఆవిడ ప్రతి వారం హాల్లో బల్లకి మైనం రుద్దుతుంటే, "సింగారం అయిందా అత్తయ్యా, దిష్టి తగులుతుందేమో!" అని ఏడిపించేది.

ఆ బల్ల మామగారు చేసింది. వడ్రంగి ఆయన. బతికినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళకే చేసి పెట్టాడు. పోయాక సొంత ఇంట్లో మిగిలిన ఆయన చేతి పని అదొక్కటే. "దాని జోలికి మాత్రం రాకు," అని పెళ్ళైన కొత్తలోనే చెప్పేసింది అత్తగారు.

మరి ఈ పిల్ల ఏం చేసింది? ఆవిడ కూతురింటికి వెళ్ళిన రోజున, తన బల్ల మీద చోటు లేదని రెజిన్ కప్పు తీసుకెళ్ళి అక్కడే పెట్టింది. ఒక్క నిమిషమే కదా అనుకుంది. మోచెయ్యి తగిలి కప్పు బోర్లా పడింది.

అలవాటు కొద్దీ స్పిరిట్ గుడ్డ తీసి ఒలికినదాని అంచున రుద్దింది. గుడ్డకి గోధుమరంగు అంటుకుంది. అక్కడ మెరుపు చచ్చిపోయి బొటనవేలంత మచ్చ తేలింది. లక్క పాలిష్! స్పిరిట్‌లో లక్క కరుగుతుందని ఎవరికి తెలియకపోయినా తనకి తెలియొద్దూ?

మొగుడికి ఫోన్ చేసింది.

"థిన్నర్ పెట్టి తుడిచెయ్యి, పోతుంది," అన్నాడు ఆ మహానుభావుడు.

"దాంతోపాటు పాలిషూ పోతుంది. మీ నాన్న బల్ల ఇది!" అని ఫోన్ పెట్టేసింది.

సీసాలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఒక్కటీ పనికొచ్చేలా లేదు. అప్పుడు కిటికీ గూట్లో అత్తగారి మైనం డబ్బా కంటపడింది. చెక్క అచ్చుల్లో రెజిన్ అంటుకోకూడదంటే తనూ ముందు మైనమే కదా పూస్తుంది! ఏళ్ళ తరబడి రుద్దిన మైనం ఈ బల్ల మీద ఉంది, గట్టిపడ్డాక రెజిన్ దానంతటదే ఊడి వస్తుంది. ఆ నమ్మకంతో సీసాలకి మూతలు బిగించి, ఒలికినది ఇంకా పారకుండా చుట్టూ టేపు వేసి, గట్టిపడేదాకా ముట్టుకోకూడదనుకుంది.

మర్నాడు ప్లాస్టిక్ రేకుతో అంచు లేపుతుండగానే తలుపు తెరుచుకుంది. అత్తగారు! చేతిలో సంచి అలాగే ఉంది.

"ఏమైంది నా బల్లకి?"

"రెజిన్ ఒలికింది అత్తయ్యా. తప్పు నాదే."

ఆవిడ సంచితోనే బల్ల దగ్గరికి వచ్చి వంగి చూసింది. తిట్టినా బాగుండేది. కోడలు రేకుని ఇంకాస్త లోపలికి తోసింది. టప్‌మని అరచేతంత బిళ్ళ మొత్తం ఊడి వచ్చింది. కింద బల్ల ఎప్పట్లాగే నిగనిగలాడుతోంది.

"అమ్మయ్య!" అంటూ కోడలు అక్కడే కూలబడి ఏడ్చేసింది. "మీ మైనమే అత్తయ్యా... మీరు రుద్దబట్టి ఊడింది. లేకపోతే బల్లని పట్టుకుని వదిలేది కాదు."

అత్తగారు బిళ్ళని తిరగేసి వేళ్ళతో తడిమింది. చెక్క చారలన్నీ దాని మీద దిగాయి. మధ్యలో ఒక చిన్న గంటు కూడా.

"ఇక్కడే ఉలి జారింది ఆయనకి. ఆ పూటంతా అన్నం మానేశారు, పిచ్చి మారాజు," అని నవ్వింది. బిళ్ళని కొంగుతో తుడిచి సంచిలో దాచుకుంది.

తర్వాత కళ్ళజోడు సర్దుకుని అంచున మచ్చ చూసింది.

"ఇదేంటే?"

"స్పిరిట్ అత్తయ్యా."

ఆవిడ కిటికీ దాకా వెళ్ళి మైనం డబ్బా తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది.

"ఇకనుంచి సింగారం నువ్వే చెయ్యి జిగురమ్మా. నీ సీసాలు మాత్రం దీని దరిదాపులకి రానివ్వకు."

కోడలు ముక్కు తుడుచుకుని, మెత్తటి గుడ్డ కోసం లేచింది.