ఏరు లేని బొమ్మలు

ఆ చిత్రకారిణి ప్రకృతి దృశ్యాలు దూరం నుంచి దగ్గరికి వేస్తుంది. మొదట ఆకాశం, తర్వాత కొండలు, చెట్లు, చివరికి ఏరు. రెండేళ్లుగా చెట్ల దాకా వచ్చి కుంచె కడిగేస్తోంది. గదిలో గోడ వారగా పదకొండు బొమ్మలున్నాయి, అన్నిటికీ కింది సగం ఖాళీ.

"ఏమ్మాయ్, నీ బొమ్మల్లో అన్నీ కరువు ప్రాంతాలేనా?" అని వదిన వెక్కిరించింది.

నవ్వబోయి ఇద్దరూ తల తిప్పుకున్నారు. రెండేళ్ల కిందట, ఏటి ఒడ్డున చిత్రకారిణి మరిచిపోయిన రంగుల పెట్టె తేవడానికి వెళ్లి ఆమె అన్న వరదలో కొట్టుకుపోయాడు. వదిన ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించేది.

ధ్యానం చేయమన్నారు, ఊరు మారమన్నారు. చెప్పేవాళ్లకేం! తన మనసు కుదుటపడితే ఆ ఏరు వేస్తేనే పడాలి. వేయలేకపోతే ఇక కుంచె ముట్టనని ఒట్టు పెట్టుకుని, ఒక ఉదయం పన్నెండో బొమ్మ చంకన పెట్టుకుని బయల్దేరింది. పిలవకుండానే వదిన వెంట నడిచింది.

ఒడ్డున కూర్చుని, పళ్లు బిగబట్టి నీలం పూసింది.

"ఈ నీళ్లు ఏనాడైనా అంత నీలంగా ఉన్నాయా? ఎవరి కళ్లకు గంతలు కడతావు?" అని వదిన కసిరింది.

ఆమె నీలమంతా కత్తితో గీకేసి బురద రంగు కలిపింది. మధ్యాహ్నానికి ఏరు నిండింది. తీరా చూస్తే, అన్న పోయిన రోజునే మళ్లీ వేసినట్టుంది.

వదిన కూడా చూసింది. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగింది. అంతకుముందు రెండేళ్లుగా ఆమె ఏటి దిక్కు చూసిన పాపాన పోలేదు.

"వదినా, వద్దు! నీ కాళ్లు పట్టుకుంటాను, వచ్చెయ్!"

"కాళ్లు తర్వాత పట్టుకుందువుగాని, ముందు నన్ను బొమ్మలో వెయ్యి," అంది వదిన మోకాలి లోతులో నిలబడి. "పెట్టె మరిచిపోయింది నువ్వే. వరద తెచ్చింది మాత్రం నువ్వు కాదు. ఈ ఏట్లోంచి ఒక్క మనిషైనా తిరిగి రావాలి. వేసేదాకా కదలను."

ఆమె వెక్కి వెక్కి ఏడుస్తూనే కుంచె అందుకుంది. వదిన అన్నంతపనీ చేసి అక్కడే నిలబడి ఉంది. బొమ్మలో మాత్రం ఒక అడుగు ముందుకు వేసి ఒడ్డుకు వస్తోంది.