నలభై ఒక్క హెచ్చరికలు

జొన్నరొట్టె పెనం మీద వేసి, పక్కన స్టూలు మీదున్న ల్యాప్‌టాప్ వైపు చూస్తే నలభై ఒక్క హెచ్చరికలు. వెబ్‌సైట్ల కోసం నేను రాసిన పీహెచ్‌పీ కోడ్‌ను నడపకుండానే చదివి తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చినవి అవి. అన్నిటిలోనూ ఒకటే ఫిర్యాదు: ఈ ఫంక్షన్ జవాబిస్తోంది, మీరు తీసుకోవడం లేదు. ఫంక్షన్ అంటే చెప్పిన పని చేసి, అయిందో లేదో జవాబిచ్చే కోడ్ ముక్క.

నవ్వొచ్చింది. పెళ్లయిన ఆరేళ్లలో నా గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. "లిల్లీ, ఏం కూర చేస్తవ్?" అంటాడు మా ఆయన విక్టర్. బెండకాయ అంటాను. "సరే, వంకాయ చెయ్" అంటాడు.

హైదరాబాదు ఆఫీసు నుంచి మధు సార్ ఫోన్ చేసి, "పని నడుస్తుంది గదా, ఆ హెచ్చరికలు బంద్ పెట్టు" అన్నాడు. నేను పెట్టలేదు. రొట్టె మాడినా సరే అనుకుని ఒక్కొక్కటీ తెరిచాను. పదిహేడోది, వచ్చే వారం మొదలయ్యే దవాఖాన అపాయింట్‌మెంట్ల పేజీలో ఉంది. రోగి పేరు నమోదు చేయమంటే ఒక్కోసారి ఆ ఫంక్షన్ 'చేయలేకపోయాను' అంటోంది. మేం ఆ మాట చూడకుండానే 'మీ పేరు నమోదైంది' అని చూపిస్తున్నాం. అది నమ్మి ఎక్కడో దూరాన కంగ్టి ఊరి నుంచి బస్సెక్కిన మనిషి గతేమిటి? సరిచేసి పంపాను.

మధు సార్ మళ్లీ ఫోన్ చేశాడు. "మంచిగ పట్టినవ్. వారానికి మూడు రోజులు ఇక్కడికి రా. కొత్త టీమ్ నువ్వే చూసుకోవాలె. రేపు చెప్పు."

అన్నం దగ్గర ఆ సంగతి చెబితే విక్టర్ "పోతవా మరి?" అన్నాడు. "పోత" అన్నాను. పచ్చిపులుసు వడ్డించమన్నాడు.

తెల్లారి నేను పిండి పిసుకుతుంటే నా ఫోన్ మోగింది. విక్టర్ ఎత్తాడు. "లిల్లీ రానంటది సార్. ఇల్లెవరు చూస్తరు?"

ఒళ్లు మండిపోయింది. "నిన్న నువ్వే అడిగినవ్ గదా. నేనేమన్న?"

గుర్తు చేసుకోబోయాడు. పాపం, నిజంగానే గుర్తులేదు.

"పోత అన్నది" అంది మూల నుంచి మా అత్త ఎలీసబెతు. ఆమెకు సగం చెవుడు. "నాకే ఇనొచ్చింది. నీ చెవులకేమైందిరా?"

ఫోన్ లాక్కున్నాను. "సోమవారం వస్తున్న సార్."

విక్టర్ పిండి వైపు చూశాడు. "మరి రొట్టెలెవరు చేస్తరు?"

"నువ్వు."

ఈసారి జవాబు అందిందో లేదో అని అతని ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. అందింది.