చేప తిరిగేంత వెడల్పు

వృద్ధాశ్రమంలో పగటి డ్యూటీ దిగి, వానలో కారు నడుపుకుంటూ గ్లెనిస్ ఇన్నిస్‌ఫెయిల్ ఊళ్ళోని ఇంటికి చేరేసరికి, ఆమె భర్త కెల్, స్తంభాల మీద నిలబెట్టిన ఆ ఇంటి కింద, సిమెంటు నేల మీద గీతలు గీస్తున్నాడు. మోకాలు వంగదు కాబట్టి గాలపు కర్ర చివర సుద్దముక్క కట్టుకున్నాడు.

"వాషింగ్ మెషిన్ అటు జరిపితే కొత్త తొట్టి సరిగ్గా పడుతుంది, గ్లెన్. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు."

"మరి నా బట్టలెక్కడ ఆరేసుకోను? నీ చేప వీపు మీదా?"

ఆ ఊళ్ళో వాన పట్టుకుంటే నెలల తరబడి వదలదు. దండేలూ, ఆమె కాళ్ళు చాపుకునే పడక కుర్చీ, కాస్త గాలీ అన్నీ ఆ కింద భాగంలోనే.

రెండేళ్ళ కిందట చేపలవేట క్లబ్బు వాళ్ళు ఆనకట్ట నీళ్ళలో బారా అనే పెద్ద చేపల పిల్లల్ని వదిలినప్పుడు, బకెట్టు అడుగున మిగిలిన మూడింటిని కెల్ ఇంటికి తెచ్చాడు. వేలెడంత కూడా లేవు. ఏటా వేలకొద్దీ చేపపిల్లల్ని నీళ్ళలోకి కుమ్మరించే మనిషికి మూడు చేపలు లెక్కలోకి రాలేదు. పైన హాల్లో ఉన్న నాలుగడుగుల తొట్టిలో వేశాడు. పెద్దది రెండోదాన్ని మింగింది. మరో నెలకు మూడోదాన్ని మింగుతుంటే, తోక నోటి బయట ఆడుతుండగా గ్లెనిసే చూసింది. మిగిలిన ఆ ఒక్కటీ ఇప్పుడు రెండడుగులైంది. వెనక్కి తిరగాలంటే అద్దానికి మూతి రాసుకుంటోంది. ఇంట్లో పెరిగిన చేపను మళ్ళీ ఆనకట్ట నీళ్ళలో వదలకూడదని క్లబ్బు మీటింగుల్లో అందరికంటే గట్టిగా అరిచింది కెల్లే.

మొన్న శనివారం ఇద్దరూ పెంపుడు చేపల దుకాణానికి వెళ్ళారు. కెల్ మెచ్చిన పొడవాటి తొట్టి చూసి యజమాని ఎన్రికో తల అడ్డంగా ఊపాడు.

"పొడవు చూసి మురిసిపోకు కెల్, వెడల్పు చూడు. తన ఒళ్ళంత చోటు లేకపోతే ఏ చేపా తిరగలేదు. పైన మాత్రం పెట్టకు. దగ్గర దగ్గర రెండు టన్నుల నీళ్ళు. నీ చెక్క నేలతో సహా కిందకొచ్చేస్తాయి."

"దానికి తోడుగా రెండు జంగిల్ పెర్చ్ చేపలు వెయ్యొచ్చా, చిన్నవి?"

"వెయ్యొచ్చు. నీ బారాకి భోజనం పెట్టాలనుంటే."

గ్లెనిస్ నవ్వింది. ఎన్రికో మాత్రం నవ్వకుండా ఆమె వైపే చూశాడు. "వారం వారం మూడో వంతు నీళ్ళు మార్చాలి. చాలా ఏళ్ళు బతుకుతుందది. ఎవరు మారుస్తారు?"

"మేమే," అన్నాడు కెల్.

ఆ 'మేము' ఎవరో ఆమె భుజాలకు తెలుసు. ఇంట్లో ఉన్నదల్లా ఆ చేపే అన్నట్టు, చక్కెర మిల్లు మానేశాక కెల్ పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటున్నాడు.

ఇప్పుడు గ్లెనిస్ బూట్లు విప్పి పక్కన పెట్టింది. సుద్ద గీతల మధ్యకు వెళ్ళి వెల్లకిలా పడుకుంది.

"ఏంటది?"

"చూస్తున్నా, సరిపోతుందో లేదో."

సిమెంటు చల్లగా ఉంది. పొద్దున్నుంచీ ముసలివాళ్ళను మంచాల మీంచి లేపి లేపి నడుం పట్టేసింది.

"లే గ్లెన్, తడి నేల అది. పైకి రా, టీ పెడతా."

"లేవలేను. ఇక్కడికే పట్రా."

కెల్ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ పైకెక్కాడు. టీ కప్పుతో మళ్ళీ ఒక్కో మెట్టూ దిగేసరికి సగం టీ సాసర్లోకి వచ్చేసింది. గ్లెనిస్ అప్పటికే నిద్రపోయింది. లేపబోయి, ఆగాడు. ఆమె మోచేయి గీత దాటి బయటికి వచ్చింది. పక్కకు తిరగబోయి, మెషిన్‌కి తల తగిలి, నిద్రలోనే మళ్ళీ వెల్లకిలా అయింది. కెల్ చాలాసేపు పడక కుర్చీలో కూర్చుండిపోయాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు.

ఆమె కళ్ళు తెరిచేసరికి టీ మీద మీగడ కట్టింది.

"క్లబ్బులోని బెవన్‌తో మాట్లాడా," అన్నాడు కెల్. "వాళ్ళ టూరిస్టు క్యారవాన్ పార్కులో పన్నెండడుగుల తొట్టి ఖాళీగా ఉందట. చేపని తీసుకుంటానన్నాడు."

"నిన్నెవరు మాట్లాడమన్నారు?"

"ఎవరూ అనలా."

"బెంగ పెట్టుకుంటావు."

"పెట్టుకుంటా," అన్నాడు అతను నేల చూస్తూ. "అంత చేపని అక్కడిదాకా ఎలా తీసుకెళ్తామో..."

"అది రేపు ఆలోచిద్దాంలే."

"లేస్తావా మరి?"

"ఇంకాసేపు," అంది గ్లెనిస్.