మళ్లీ లేచిన పేరు

సొలాంజ్ పొద్దుటినుంచీ ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద నీళ్లు పెట్టి మరిచిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. వాళ్ల ఆదివాసీ ఊరు వెండాకేలో వీధుల నిండా మంచు.

మధ్యాహ్నం వంశపు విందు. రెండేళ్ల కిందట జ్వరంతో పోయిన తన కూతురి పేరును ఇవాళ లేపుతారు. పోయినవాళ్ల పేరు మరొకరికి పెట్టేదాకా ఎవరూ పలకరు. ఇన్నాళ్లూ ఆ మౌనమే ఆమెకు ఆసరా. ఇప్పుడా పేరు చెల్లెలి కూతురు మాయెల్‌కి వెళ్తుంది, తల్లిగా తాను ఒప్పుకుంటే.

"ఇంకా తయారవలేదేం?" అంటూ వచ్చింది పెద్దమ్మ రొలాండ్. వంశానికి ఆవిడే పెద్ద.

"దానికి ఇవ్వలేను పెద్దమ్మా. ఇల్లెగిరిపోయేలా నవ్వుతుంది. తలుపులు బాదుతుంది. నా బిడ్డ అలా కాదు."

"నాకు మా అమ్మమ్మ పేరు పెట్టారు. ఆవిడ పొగాకు నమిలేది. నేను నమిలానా?"

సొలాంజ్ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. పెద్దమ్మ వదల్లేదు.

"హ్యూరన్లని మనకి పేరు పెట్టింది ఫ్రెంచివాళ్లు. అడవిపంది జుట్టని వెక్కిరింత. అది సరస్సుకెక్కింది, ఊళ్లకెక్కింది, ఆటగాళ్ల చొక్కాలకెక్కింది. మనం ముద్దుగా పెట్టుకున్న పేరు మాత్రం నువ్వు పూడ్చిపెడతావా? మన భాష పలికే నోరు లేక వందేళ్లు పడుంది. పాత పాదిరీల నిఘంటువుల్లోంచి తీసి పిల్లలకు నేర్పుతున్నావు. తప్పులు పలుకుతారని మానేశావా, పంతులమ్మా?"

"భాష నా కడుపున పుట్టలేదు," అంది సొలాంజ్.

పెద్దమ్మ పొయ్యి ఆర్పి, గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది.

విందులో అందరి ఎదుటా మాయెల్ సొలాంజ్ దగ్గరికి జరిగింది. "ఇష్టం లేకపోతే వద్దని చెప్పెయ్, పెద్దమ్మా," అని గొణిగింది. "నేనేమీ అనుకోను. నీ కూతురిలా ఉండటం నాకు చేతకాదు."

సొలాంజ్ ఒప్పుకోలుకి గుర్తుగా గవ్వల దండ తీసి ఆ పిల్ల మెడలో వేసింది. ముడి వెంటనే పడలేదు. రొలాండ్ పేరు చాటింది. అందరూ పలికారు. సొలాంజ్ పెదవులు కదల్లేదు.

మొక్కజొన్న జావ వడ్డించారు. ఆమె కూర్చుంది, లేచింది, గిన్నె ఎవరికో ఇచ్చేసింది. తలుపు ధడేల్మంది. పిల్లలు మంచులోకి పరుగెత్తారు. మాయెల్ కోటు కొక్కేనికే ఉంది.

సొలాంజ్ తలుపు తీసి ఆ పేరు పెట్టి అరిచింది. బడిలో అల్లరిపిల్లల్ని కేకేసే గొంతే. "కోటేదే!"

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. "చలేం లేదూ!" అని మళ్లీ పరుగందుకుంది.

సొలాంజ్ కోటు పట్టుకుని మంచులోకి దిగింది.